తీసుకుంటే రశీదు ఇవ్వాలి

పర్సనల్ డేటా మీద మన కాలేజీలో ఒక ఎగ్జిబిషన్ పెడితే ఎలా ఉండాలి?

డేటా ప్రైవసీ మీద కాలేజీల్లో ప్రోగ్రామ్ అంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. సెమినార్ హాల్లో ఒక పీపీటీ. మొదటి స్లైడ్ మీద తాళంకప్ప, రెండో స్లైడ్ మీద ముసుగేసుకున్న హ్యాకర్. చివర్లో "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని ఒక మాట. ఆ గంటసేపూ వెనక బెంచీల్లో అందరూ ఫోన్లు చూసుకుంటూనే ఉంటారు. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ మన దగ్గర్నుంచి ఏం పోతోందో కంటికి కనపడదు, చేతికి తగలదు. అలాంటిదాన్ని ఎంతసేపు విన్నా చెవి దగ్గరే ఆగిపోతుంది.

చేత్తో పట్టుకుని, ఆడి తెలుసుకునే ప్రదర్శన అయితే లెక్క వేరు. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. రెండు క్లాస్‌రూములు, ఆరు బల్లలు, కొన్ని అట్టలు, దారం ఉండలు, ఒక రశీదు పుస్తకం, గుప్పెడు చింతగింజలు చాలు. ముందు దీని వెనకున్న ఆలోచన చెప్తాను. తర్వాత బయటి దేశాల్లో ఎలా చేశారో, మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూద్దాం. ఆఖర్న ఏ బల్ల మీద ఏం పెట్టాలో ఒక్కొక్కటీ చూద్దాం.

రశీదు అనే ఆలోచన

మనం చదివేది మాకవరపాలెంలో. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే చింతపల్లి వస్తుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మనుషులతో వెళ్లి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు, తూటాలు పట్టుకెళ్లాడు. వెళ్లే ముందు ఏమేం తీసుకున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టాడు.

ఈ కథ మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం. డేటా గురించి చదువుతున్నవాళ్లు దాన్ని ఇంకోలా కూడా చూడొచ్చు. శత్రువు దగ్గర తీసుకున్నప్పుడు కూడా ఏం తీసుకున్నాడు, ఎంత తీసుకున్నాడు, తీసుకున్నదెవరు అనే మూడు విషయాలూ రాతలో ఉన్నాయి. ఇప్పుడు మన ఫోన్లో ఉన్న ఒక ఉచిత యాప్ సంగతి చూడండి. అది మన శత్రువేం కాదు, మనమే పిలిచి ఇన్‌స్టాల్ చేసుకున్నాం. నిన్న రాత్రి అది మన దగ్గర్నుంచి ఏం తీసుకుందో రాసున్న కాగితం ఎక్కడుంది?

డేటా తీసుకోవడమే తప్పని ఎవరూ అనరు. పేరు, వయసు రాసుకోకుండా ఆసుపత్రిలో ఓపీ చీటీ ఇవ్వరు. కాలేజీ పేరు చెప్పకుండా బస్ పాస్ రాదు. కాకపోతే పది రూపాయలు తీసుకున్న కండక్టర్ కూడా టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. డేటా తీసుకునేవాళ్లలో ఎక్కువమంది అది కూడా చెయ్యరు. కాబట్టి మన ఎగ్జిబిషన్ మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి: తీసుకున్నారు సరే, రశీదు ఏది? ఆ రశీదులో మూడు గడులు ఉంటే చాలు. ఏం తీసుకున్నారు, దేనికోసం, ఎప్పుడు చెరిపేస్తారు.

బయట ఎలా చేశారు

ఈ రంగంలో బాగా పేరున్న ప్రదర్శన "ద గ్లాస్ రూమ్". బెర్లిన్‌లో ఉండే టాక్టికల్ టెక్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని తయారుచేసింది. 2016లో న్యూయార్క్‌లో, 2017లో లండన్‌లో, 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టారు. బయట్నుంచి చూస్తే ఖరీదైన ఫోన్ల షోరూమ్‌లా ఉంటుంది. తెల్లటి గోడలు, గాజు అద్దాలు, చక్కగా సర్దిన బల్లలు. లోపలికి వెళ్తే అమ్మకానికి ఏమీ ఉండదు. బల్లల మీద ఉన్నవన్నీ మన డేటా ఎటు పోతుందో చూపించే వస్తువులే. పెద్ద హాలు లేనివాళ్ల కోసం పోస్టర్లతో ఒక చిన్న కిట్ కూడా చేశారు. లైబ్రరీల్లో, బళ్లల్లో కూడా పెట్టుకోవచ్చు.

అక్కడ చూపించిన వాటిలో ఆరమ్ బార్తోల్ అనే జర్మన్ కళాకారుడి పుస్తకాలు ఉన్నాయి. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పాస్‌వర్డులు బయటికి పోయాయి. వాటిలో సుమారు 47 లక్షల పాస్‌వర్డుల్ని ఆయన అక్షరక్రమంలో ఎనిమిది లావాటి పుస్తకాలుగా అచ్చు వేయించాడు. యూజర్‌నేమ్‌లు ఉండవు, పాస్‌వర్డులు మాత్రమే. వచ్చినవాళ్లు పుస్తకం తీసి తమ పాస్‌వర్డ్ అందులో ఉందేమోనని వెతుక్కుంటారు. ఇంకేం వివరణ అక్కర్లేదు.

డిమా యారోవిన్‌స్కీ అనే డిజైన్ విద్యార్థి 2018లో ఇంకోటి చేశాడు. మనం చదవకుండా "ఐ అగ్రీ" నొక్కేస్తామే, ఆ షరతుల్ని ఒక్కో యాప్‌కి ఒక్కో రంగు కాగితం మీద అచ్చేసి గోడకి వేలాడదీశాడు. అన్నీ పైనుంచి కిందకి దిగి, నేల మీద కూడా పరుచుకున్నాయి. అన్నిటికంటే పొడుగు ఇన్‌స్టాగ్రామ్‌ది.

ఈ రెంటిలోనూ సూత్రం ఒక్కటే. తెర మీద బరువు లేనిదానికి బయట ఒక బరువు, ఒక పొడుగు ఇచ్చారు. 47 లక్షలు అని అంకె చెప్తే వింటాం, మర్చిపోతాం. ఎనిమిది పుస్తకాలు ఎత్తి చూస్తే గుర్తుంటుంది.

మన దగ్గర జరిగింది

గ్లాస్ రూమ్‌ని అలాగే తెచ్చి మన దగ్గర పెడితే సగమే పనిచేస్తుంది. ఎందుకంటే మన ఊళ్లల్లో డేటా కథ షోరూమ్‌లో మొదలవదు. కౌంటర్ దగ్గర మొదలవుతుంది. రేషన్ షాపులో వేలిముద్ర, పింఛనుకి వేలిముద్ర, సిమ్ కార్డుకి ఆధార్, ఉపాధి హామీ కూలి డబ్బులకి బ్యాంకు ఖాతా. ఇవి వద్దు అనుకుంటే వదిలేసే యాప్‌లు కావు.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక రిపోర్టు విడుదల చేసింది. రాసినవాళ్లు అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో జనం వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని అందులో చూపించారు. వాటిలో రెండు కేంద్రానివి, రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపుల రోజువారీ రిపోర్టులు, చంద్రన్న బీమా. నాలుగూ కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉంటాయని వాళ్ల అంచనా.

ఇక్కడ హ్యాకర్ ఎవరూ లేడు. తలుపు పగలగొట్టలేదు, తీసే ఉంది. పైగా ఆ తలుపు తీసింది మంచి ఉద్దేశంతోనే. ఉపాధి హామీలో ఎవరికెంత కూలి పడిందో ఊళ్లో అందరూ చూసి, దొంగ మస్టర్లు పట్టుకోవాలని ఆ లెక్కలు బయట పెడతారు. సోషల్ ఆడిట్‌లో ఆంధ్రప్రదేశ్‌కి దేశంలోనే పేరుంది. కూలి ఎంతో, ఎన్ని రోజుల పనో చూపించడం ఆడిట్‌కి అవసరం. పక్క కాలమ్‌లో ఆధార్ నంబరు, ఖాతా నంబరు మొత్తంగా చూపించడం ఏ ఆడిట్‌కీ అక్కర్లేదు. డేటాబేస్ సబ్జెక్ట్ చదివినవాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతే: కావలసిన కాలమ్స్ రాయాల్సిన చోట సెలెక్ట్ స్టార్ అని రాసేస్తే ఏమవుతుందో అదే అయింది. టేబుల్‌లో ఉన్నవాళ్లకి మాత్రం తమ నంబర్లు అక్కడున్నాయని కూడా తెలీదు.

రెండోది లోన్ యాప్‌ల సంగతి. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌ల చేతిలో ఉన్న ఆయుధం ఒక్క పర్మిషన్. ఫోన్‌లోని కాంటాక్ట్స్. అప్పు తీసుకున్నది ఒకరు, ఫోన్లు వెళ్లింది అక్కకి, మేనమామకి, స్నేహితులకి, పనిచేసే చోట యజమానికి. తర్వాత 2022 సెప్టెంబరు 2న రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు ఇచ్చింది. డిజిటల్ లోన్ యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ జోలికి పోకూడదని అందులో ఉంది.

ఈ రెండు కథలూ మన ఎగ్జిబిషన్‌లో ఉండాలి. "నాకు దాచుకోవడానికి ఏముంది?" అని అడిగేవాళ్లకి అవే జవాబు చెప్తాయి.

మొదటి నియమం: మనం ఏమీ తీసుకోకూడదు

డేటా సేకరణ మీద ఎగ్జిబిషన్ పెట్టి, గుమ్మం దగ్గర గూగుల్ ఫామ్‌లో పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు అడిగితే అంతకంటే నవ్వులాట ఉండదు. అందుకని రిజిస్ట్రేషన్ వద్దు, క్యూఆర్ కోడ్ వద్దు, సెల్ఫీ పాయింట్ కూడా వద్దు.

కొంతమందికి ఇంకో ఆలోచన వస్తుంది. ఫ్రీ వైఫై అని క్యూఆర్ పెట్టి, స్కాన్ చేసినవాళ్లకి "చూశారా, మోసపోయారు" అని చూపిస్తే బాగుంటుంది కదా అని. అది కూడా వద్దనే నా అభిప్రాయం. నలుగురి ముందు వెర్రివాణ్ణి చేస్తే మనిషికి సిగ్గు మిగులుతుంది గానీ విషయం ఎక్కదు. పైగా అనుమతి లేకుండా తీసుకోవడం తప్పని చెప్పడానికి మనమే అనుమతి లేకుండా తీసుకున్నట్టవుతుంది.

మరి డేటా లేకుండా డేటా ఆట ఎలా? దీనికి పాత్రల కార్డులు చేసుకుందాం. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక అట్ట ముక్క ఇస్తాం. దాని మీద ఒక ఊహా మనిషి వివరాలు ఉంటాయి. జీడితోటలో పనిచేసే మామ్మ, ఆటో తోలే అన్న, టైలరింగ్ షాపు అక్క, మొదటి సంవత్సరం హాస్టల్ కుర్రాడు, ఇలా ఒక అరవై. ప్రతిదానిలో పుట్టిన తేదీ, పిన్‌కోడ్, రోజూ తిరిగే చోట్లు, ఫోన్‌లో ఉన్న యాప్‌లు. అన్నీ మనం కల్పించినవే. దీన్నే మన భాషలో సింథటిక్ డేటా అంటాం. అరగంటసేపు వచ్చినవాళ్లు ఆ మనిషి అయిపోతారు. ఏ బల్ల దగ్గర ఏం ఇచ్చినా ఆ పాత్రదే పోతుంది.

ఇందులో ఇంకో ఉపయోగం ఉంది. మామ్మ కార్డు అందుకున్న సీఎస్ఈ కుర్రాడు మొదటిసారి మామ్మ వైపు నుంచి కౌంటర్‌ని చూస్తాడు.

ఇప్పుడు ఆరు బల్లలూ వరసగా చూద్దాం.

బల్ల 1: ఇంటిపేరు ఏ గడిలో?

ఒక ఫామ్ ఇస్తాం. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, ఇష్యూ చేసేవాళ్లు అడిగేది చివర్న. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో వెనక్కి పోతుంది. ఒకే పాత్ర పేరుని పదిమంది చేత రాయించి గోడకి అంటిస్తే చాలు. ఒక్క మనిషి పది మంది అవుతాడు. కంప్యూటర్‌కి పోలిక కుదరకపోతే ఆగిపోయేది స్కాలర్‌షిప్పో, పింఛనో.

డేటా బయటికి పోవడమే ప్రమాదం అనుకుంటాం గానీ, తప్పుగా ఉండిపోవడం కూడా ప్రమాదమే. అరిగిపోయిన వేళ్లకి ముద్ర పడక రేషన్ షాపు దగ్గర మళ్లీ మళ్లీ వేలు పెట్టే పెద్దవాళ్లని మనం చూస్తూనే ఉంటాం. అందుకే చట్టంలో చెరిపించుకునే హక్కుతో పాటు సరిదిద్దించుకునే హక్కు కూడా పెట్టారు.

బల్ల 2: పదిహేను ప్రశ్నలు

"పేరు చెప్పలేదు కదా, నన్నెవరు కనిపెడతారు?" అనేవాళ్ల కోసం ఈ బల్ల. ముప్పై మంది కార్డులు పట్టుకుని నిలబడతారు. మైకు పట్టుకున్నతను ప్రశ్నలు అడుగుతాడు. ఈ పిన్‌కోడ్ కానివాళ్లు కూర్చోండి. ఆడవాళ్లు కానివాళ్లు కూర్చోండి. 2006 కంటే ముందు పుట్టినవాళ్లు కూర్చోండి. నాలుగైదు ప్రశ్నలకే ఒక్కరు మిగులుతారు.

లెక్క మనకి తెలిసిందే. ఒక్కో ప్రశ్నా గుంపుని సగం చేస్తే, పదిహేను ప్రశ్నలకి 32,768 మందిలో ఒక్కరు దొరుకుతారు. ముప్పై ఒక్క ప్రశ్నలకి దేశం మొత్తంలో ఒక్కరు దొరుకుతారు. బైనరీ సెర్చ్ మనుషుల మీద చేసినట్టు.

ఇది ఊహ కాదు. లటాన్యా స్వీనీ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1990 జనాభా లెక్కలతో చూపించారు. పుట్టిన తేదీ, ఆడా మగా, అక్కడి పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ కలిస్తే ఆ దేశంలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని. అంతకుముందు పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డుల్ని ఓటర్ల జాబితాతో కలిపి, మసాచుసెట్స్ గవర్నర్ రికార్డునే ఆమె బయటికి తీశారు.

మన పిన్‌కోడ్‌కి లెక్క వేసి చూడండి. ఎనభై ఏళ్లలో 29,200 తేదీలు. ఆడా మగా అని రెండింతలు చేస్తే 58,400 గడులు. పిన్‌కోడ్‌లో ముప్పై వేల మంది ఉన్నారనుకుంటే గడికి సగటున ఒక్క మనిషి కూడా రాడు. ఇందులో మన దగ్గర మాత్రమే కనపడే తమాషా ఒకటుంది. మన నాన్నల తరంలో చాలామందికి పుట్టినరోజు జూన్‌లోనే ఉంటుంది. అది బళ్లో వేసిన తేదీ. వయసు ఉజ్జాయింపుగా చెప్పిన పెద్దవాళ్లలో చాలామందికి జనవరి 1. ఆ గడుల్లో మాత్రం జనం కిక్కిరిసి ఉంటారు. హెడ్‌మాస్టర్ వేసిన ఆ తప్పు తేదీ తాతలకి తెలియకుండానే కాస్త ముసుగు వేసింది. మనం ఆసుపత్రుల్లో పుట్టాం, మన తేదీలు కచ్చితం. మనకి ఆ ముసుగు లేదు.

బల్ల 3: దారం

ముప్పై మంది గుండ్రంగా నిలబడతారు. ఒక్కరి చేతికి దారం ఉండ ఇచ్చి, "మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ చూడటానికి అనుమతిస్తారా?" అని అడుగుతాం. ఒప్పుకుంటే ఆ పాత్రకి తెలిసినవాళ్లందరికీ దారం వెళ్తుంది. చివరికి దారం చేతిలో ఉన్న ఇరవై మందిలో అనుమతి ఇచ్చింది ఒక్కరే. మిగతా పంతొమ్మిది మందిని ఎవరూ అడగలేదు.

ఈ బల్ల వెనక గోడ మీద రెండే రెండు అంకెలు పెద్దగా రాయాలి: 335, 5,62,455. కేంబ్రిడ్జ్ ఎనలిటికా వ్యవహారం బయటపడ్డాక 2018 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్కలివి. ఆ క్విజ్ యాప్‌ని మన దేశంలో వేసుకున్నవాళ్లు 335 మంది. వాళ్ల స్నేహితుల ద్వారా డేటా పోయి ఉండొచ్చని చెప్పినవాళ్లతో కలిపి 5,62,455 మంది. అంటే ఒక్కొక్కరి వెనక సుమారు 1,680 మంది. 335 మంది అంటే మన కాలేజీలో ఒక్క బ్రాంచి వాళ్లంత.

లోన్ యాప్ కథ చెప్పాల్సింది కూడా ఈ బల్ల దగ్గరే. దారం ఒక చివర లాగితే ఇంకో చివర ఎవరి చెయ్యి కదులుతుందో అక్కడే కనపడుతుంది.

బల్ల 4: నాలుగు మేకులు

మన ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో సెల్ టవర్లకి తెలుసు. 2013లో ఈవ్-అలెగ్జాండర్ ద మోంట్‌జోయ్, ఆయన సహచరులు పదిహేను లక్షల మంది మొబైల్ వాడకందారుల పదిహేను నెలల డేటా పరిశీలించారు. పేర్లు లేవు. ఏ గంటలో ఏ టవర్ దగ్గర అన్నది మాత్రమే ఉంది. అలాంటి చుక్కలు నాలుగు తెలిస్తే 95 శాతం మందిని మిగతా అందరిలోంచి విడదీయొచ్చని తేలింది.

దీన్ని అట్టలతో చేద్దాం. ఒక్కో పాత్రకి ఒక అట్ట. దాని మీద అడ్డంగా వేళలు, నిలువుగా చోట్లు: కాలేజీ, హాస్టల్, నర్సీపట్నం బస్టాండు, నర్సీపట్నం రోడ్ రైల్వే స్టేషన్, అనకాపల్లి, తుని. ఆ పాత్ర ఏ వేళకి ఎక్కడుంటే అక్కడ ఒక చిల్లు. అరవై అట్టలు తయారు. చెక్క మీద ఒక చోట మేకు కొట్టి, ఆ మేకు దూరే అట్టలు ఎన్నో చూడమంటాం. ఒక్క మేకుకి ఇరవై దూరతాయి. రెండో మేకుకి ఏడెనిమిది మిగులుతాయి. మూడో మేకు, నాలుగో మేకు కొట్టేసరికి చేతిలో ఒక్క అట్ట ఉంటుంది. దాన్ని తిప్పి చూస్తే ఆ మనిషి కథ మొత్తం ఉంటుంది. ప్రతి గురువారం సాయంత్రం ఏ క్లినిక్‌కి వెళ్తుందో కూడా.

పాత్రల దారులు మరీ పొందికగా ఉండకుండా చూసుకోండి. కాలేజీ బస్సులో వచ్చేవాళ్లందరికీ పగటి చిల్లులు ఒకేలా ఉండాలి, నిజంగా అలాగే ఉంటాయి కాబట్టి. తేడా వచ్చేది సాయంత్రాల్లో, ఆదివారాల్లో. మనల్ని పట్టిచ్చేవి ఆ గంటలే.

బల్ల 5: టార్చ్ లైట్ గుమాస్తా

ఇది నాటకం. డ్రమటిక్స్ వాళ్లు చేస్తే రక్తి కడుతుంది. బల్ల వెనక ఒక గుమాస్తా కూర్చుంటాడు. మీరు టార్చ్ లైట్ అడుగుతారు. "తప్పకుండా ఇస్తానండి. మీ ఇల్లు ఎక్కడో చెప్పండి. మీ ఫోన్ డైరీ ఇటివ్వండి. మీ ఫొటో ఆల్బమ్ ఒకసారి." ఇవ్వనంటే టార్చ్ లేదు. "అందరూ ఇస్తున్నారు కదండీ, మీకేంటి?" అని నవ్వుతాడు.

జనం నవ్వుతారు. అప్పుడు చెప్పాలి, ఇది నిజంగా జరిగిందని. అమెరికాలో బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే యాప్ వాడేవాళ్ల లొకేషన్‌ని వాళ్లకి సరిగ్గా చెప్పకుండా ప్రకటనల నెట్‌వర్కులకి పంపింది. 2013 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది.

మన చట్టం మాట కూడా ఇక్కడే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా చెప్పారు. ఆ తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అక్కణ్నుంచి పద్దెనిమిది నెలలకి అమలవుతాయి. అనుమతి స్వేచ్ఛగా, తెలిసి, ఒక నిర్దిష్టమైన పని కోసం ఇచ్చిందై ఉండాలని, ఆ పనికి అవసరమైన డేటా వరకే అది వర్తిస్తుందని చట్టం అంటుంది. అంటే టార్చ్‌కి ఫొటో ఆల్బమ్ అడగడం కుదరదు. అనుమతి అడిగేముందు ఏం తీసుకుంటున్నారో, ఎందుకో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలుండాలి. వాటిలో తెలుగు ఉంది. నేను రశీదు అంటున్నది దాదాపు ఇదే. దాన్ని తెలుగులో అడిగే హక్కు మనకి రాసి ఉంది.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలని కూడా చట్టంలో ఉంది. మన మొదటి సంవత్సరం వాళ్లలో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. మనం ఎవరి డేటా తీసుకోకపోవడానికి ఇదొక కారణం.

బల్ల 6: నాణెం

ఎగ్జిబిషన్ అయ్యాక మనకీ ఒక సంగతి తెలుసుకోవాలని ఉంటుంది. మన కాలేజీలో ఎంతమంది లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నారు? నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినా ఎవరు చెప్పారో మనకి తెలిసిపోతుంది. ఎవరు అన్నది తెలియకుండా ఎంతమంది అన్నది తెలుసుకునే దారి ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన ఈ పద్ధతికి దారి వేశాడు.

తెర వెనక ఒక నాణెం, మూత ఉన్న కుండ. లోపలికి వెళ్లి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే నిజం చెప్పాలి. అవును అయితే చింతగింజ, కాదు అయితే జీడిగింజ కుండలో వేయాలి. బొరుసు పడితే ఇంకోసారి ఎగరేసి, బొమ్మ పడితే చింతగింజ, బొరుసు పడితే జీడిగింజ. నిజంతో పనిలేదు.

రెండు వందల మంది వేశాక కుండలో 80 చింతగింజలు ఉన్నాయనుకోండి. అందులో సుమారు వంద మంది నాణెం చెప్పినట్టు వేసినవాళ్లు, వాళ్ల వల్ల వచ్చినవి 50. మిగిలిన 30 గింజలు నిజం చెప్పిన వంద మందివి. అంటే సుమారు 30 శాతం. ఏ ఒక్కరి గింజ చూసినా అది నిజమో నాణెమో ఎవరూ చెప్పలేరు. డిఫరెన్షియల్ ప్రైవసీ అని పెద్ద కంపెనీలు వాడే పద్ధతికి మూలం ఇదే.

ఈ ఆరింటిలో ఒక్క బల్లే ఉంచాలంటే నేను దీన్నే ఉంచుతాను. మిగతా అయిదూ ఏం పోతోందో చూపిస్తాయి. ఇది మాత్రం అవసరమైనంతే తీసుకుని, మనిషిని వదిలేయడం కుదిరే పనేనని చూపిస్తుంది. రేపు ఈ ఫామ్‌లు, టేబుల్స్, యాప్‌లు రాసేది మనమే కాబట్టి మనకి అది తెలియాలి.

బయటికి వెళ్లేటప్పుడు

గుమ్మం దగ్గర రశీదు పుస్తకం ఉంటుంది. స్టేషనరీ షాపులో దొరికే మామూలు పుస్తకమే. పాత్ర దగ్గర ఏ బల్ల ఏం తీసుకుందో అందులో రాసి ఇస్తాం. ఒక జాగ్రత్త: కింద కార్బన్ కాగితం పెట్టకూడదు. పెడితే మన దగ్గర కాపీ ఉండిపోతుంది. వచ్చినవాళ్లు అడుగుతారు, కార్బన్ ఏదని. అప్పుడు చెప్పొచ్చు. పాత్ర కార్డుని వాళ్ల చేత్తోనే చింపించి బుట్టలో వేయిస్తాం.

ఇంకో ఖాళీ రశీదు చేతిలో పెడతాం, ఇంటికి తీసుకెళ్లడానికి. ఆ రాత్రి ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరిచి, ఏదో ఒక్క యాప్ ఎంచుకుని మూడు గడులూ నింపమని. "దేనికోసం" అన్న గడి ఖాళీగా ఉండిపోతే ఆ పర్మిషన్ తీసేయొచ్చు. దాని వెనక రెండు ఉపయోగపడే మాటలు అచ్చేయాలి. ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఉడాయ్ సైట్‌లో దొరుకుతుంది. వేలిముద్రల్ని లాక్ చేసుకుని, కావలసినప్పుడు తెరుచుకునే సదుపాయం కూడా అక్కడే ఉంది.

ఒక్క విషయం మర్చిపోవద్దు. ఇది మన కోసం మాత్రమే పెడితే సగం పనే. మెస్‌లో వండే అక్కలు, సెక్యూరిటీ అన్నలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులు చూడాలి. కాబట్టి బోర్డుల మీద అక్షరాలు తక్కువ, బల్ల బల్లకీ మాట్లాడే మనిషి ఎక్కువ ఉండాలి. "కన్సెంట్" అనొద్దు, "మిమ్మల్ని అడిగారా?" అనండి. "డేటా బ్రీచ్" అనొద్దు, "మీ ఖాతా నంబరు ఊరందరికీ కనపడింది" అనండి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనకి ఈ పని కోడింగ్ కంటే కష్టం. చిల్లుల అట్టలు ఒక సాయంత్రంలో అయిపోతాయి. ఈ మాటలు నేర్చుకోవడానికి మాత్రం ఒక వారం ముందే మొదలుపెట్టాలి.